అంత్యకాల యుద్ధ ప్రవచనాలు చదవడం ఎలా? నాలుగవ పాఠం: గోగు, మాగోగు, హార్‌మెగిద్దోను

గత పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. యెషయా గ్రంథం 13వ అధ్యాయం చదివి, సూర్యుడు చీకటి కమ్ముతాడని, నక్షత్రాలు వెలుగు ఇయ్యవని ఆ ప్రవక్త ఏ సంఘటనను గురించి అంటున్నాడో ఒక్క వాక్యంలో రాయమన్నాను. సికింద్రాబాద్‌లో మేము శనివారం సాయంత్రాలు కూర్చునే చిన్న బృందంలో జవాబులు చదివి వినిపించుకున్నప్పుడు, వాటిలో ఎక్కువ భాగం "లోకాంతాన్ని గురించి" అనే ఉన్నాయి. అయితే ఆ అధ్యాయం మొదటి వచనమే అది బబులోనును గూర్చిన దేవోక్తి అని చెబుతోంది. 17వ వచనం దాడికి వచ్చేవారు మాదీయులని పేరు పెట్టి మరీ చెబుతోంది. ఆ బబులోను క్రీ.పూ. 539లో పారసీక రాజైన కోరెషు వశమైంది. ఒక సామ్రాజ్యం కూలిపోవడాన్ని ఆకాశమే కూలిపోయినట్టుగా చెప్పడం హెబ్రీ ప్రవక్తల వాడుక. ఆ మాటలనే ప్రభువు మత్తయి 24:29లో తిరిగి ఎత్తుకున్నాడు కాబట్టి "లోకాంతం" అన్నవారిది పూర్తిగా తప్పు అనను. వారు రెండవ మెట్టు మీద నిలబడి మొదటి మెట్టు లేదనుకున్నారు, అంతే.

ఈ పాఠంలో ఆ మొదటి మెట్టు మీదనే ఎక్కువసేపు ఉందాం. మీ దగ్గర ఉన్న పాత అనువాదపు బైబిలుతో పాటు వాడుక భాషలో వచ్చిన మరొక అనువాదం, ఒక నోటు పుస్తకం, రెండు రంగుల పెన్సిళ్లు పెట్టుకోండి. సెల్‌ఫోను మాత్రం పక్క గదిలో పెట్టండి. యెహెజ్కేలు గ్రంథంలో ఇశ్రాయేలు మీదికి దండెత్తి వచ్చే శత్రువు పేరు గోగు. పడమటి ఆసియాలో ఒక క్షిపణి పేలిన ప్రతిసారీ మన ఫోన్లకు "గోగు బయలుదేరాడు" అనే వీడియోలు వస్తాయి. వాటిని చూసిన కళ్లతో యెహెజ్కేలును తెరిస్తే, కనబడేది యెహెజ్కేలు కాదు, ఆ వీడియోయే.

ఇప్పుడు యెహెజ్కేలు 38, 39 అధ్యాయాలను ఒకేసారి కూర్చుని చదవండి. మధ్యలో ఆగి రెఫరెన్సులు వెతకవద్దు. చదివిన తరువాత నీలం పెన్సిలుతో పేర్లన్నిటినీ, ఎరుపు పెన్సిలుతో క్రియలన్నిటినీ, అంటే ఎవరు ఏం చేస్తున్నారో దానిని, గుర్తించండి. ఈ పని అరగంట పడుతుంది. ఇది చేయకుండా కింది పేరాలు చదివితే నా అభిప్రాయం మీకు తెలుస్తుంది తప్ప ప్రవచనం చదవడం రాదు.

గుర్తించారా? నీలం రంగు ముందు చూద్దాం. "రోషునకును మెషెకునకును తుబాలునకును అధిపతి" అని గోగును గురించి మన పాత అనువాదంలో ఉంది. తెలుగు పాఠకుడు ఇక్కడ మూడు దేశాలున్నాయని సహజంగానే అనుకుంటాడు. హెబ్రీలో మాత్రం ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. "రోష్" అనే మాటకు తల అని అర్థం. యూదుల సంవత్సరాదిని "రోష్ హషానా" అంటారు, సంవత్సరపు తల అన్నమాట. హైదరాబాద్‌లో ఉండేవారికి ఈ మాట చుట్టం మాటే: అరబ్బీలో తలను "రాస్" అంటారు, దాని నుంచి పుట్టిన "రయీస్" ఉర్దూ మీదుగా వచ్చి, పాతబస్తీలో ఇప్పటికీ గొప్పింటివాడు, పెద్దమనిషి అనే అర్థంలో వినబడుతుంది. ఆ హెబ్రీ మాటా ఈ అరబ్బీ మాటా ఒకే వేరు నుంచి పుట్టినవి. కాబట్టి యెహెజ్కేలు వాక్యాన్ని "మెషెకు, తుబాలులకు ప్రధానాధిపతి" అని కూడా చదవవచ్చు. క్రీస్తుకు పూర్వమే వచ్చిన గ్రీకు అనువాదం దానిని ఒక దేశం పేరుగా తీసుకుంది. నాలుగవ శతాబ్దం చివర లాటిన్‌లోకి అనువదించిన జెరోము "ప్రధాన" అనే అర్థాన్ని తీసుకున్నాడు. మన తెలుగు బైబిలు గ్రీకు వైపు నిలబడింది. వ్యాకరణాన్ని బట్టి ఇప్పటికీ రెండు వైపులా వాదించేవారు ఉన్నారు గనుక, ఒక సంపూర్ణ సిద్ధాంతాన్ని ఈ ఒక్క మాట మీద నిలబెట్టకూడదని మాత్రం నిస్సందేహంగా చెప్పగలను.

ఎందుకంటే నిలబెట్టినవారు ఉన్నారు. రోషు అంటే రష్యా, మెషెకు అంటే మాస్కో, తుబాలు అంటే సైబీరియాలోని తొబోల్స్క్ అనే వివరణ మన తెలుగు సంఘాల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, అది వాక్యమే అనుకునేవారు ఉన్నారు. 1909లో అచ్చయిన స్కోఫీల్డు వ్యాఖ్యాన బైబిలు ఈ వివరణను ఇంటింటికీ చేర్చింది. అయితే రష్యాకు ఆ పేరు ఇచ్చిన "రుస్" అనే మాట చరిత్రలోకి వచ్చేది క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దంలో, యెహెజ్కేలుకు దాదాపు పధ్నాలుగు వందల ఏళ్ల తరువాత. మాస్కో పేరు చరిత్ర పత్రాల్లో మొదటిసారి కనబడేది 1147లో. తొబోల్స్క్ పట్టణాన్ని కట్టింది 1587లో. శబ్దం కలిసినంత మాత్రాన సరిపోతుందంటే, అబ్రాహాము బయలుదేరిన "కల్దీయుల ఊరు" ఏ నల్లగొండ జిల్లాలోనో ఉండేదని మనం తేల్చవచ్చు. "ఊరు" అనే మాట మనది కదా!

అయితే మెషెకు, తుబాలు ఎవరు? దీనికి జవాబు యెహెజ్కేలు గ్రంథంలోనే ఉంది, వెతకాలి. 27:13 తెరవండి. తూరు పట్టణంతో వ్యాపారం చేసేవారి జాబితాలో యావాను, తుబాలు, మెషెకు మనుషులనూ ఇత్తడి వస్తువులనూ ఇచ్చి సరుకు కొనుక్కుంటున్నారు. తరువాతి వచనంలో తోగర్మావారు గుర్రాలను, కంచరగాడిదలను తెస్తున్నారు. 32:26లో మెషెకు, తుబాలు తమ సమూహంతో సహా పాతాళంలో పడి ఉన్నారు. అంటే ప్రవక్తకూ అతని శ్రోతలకూ ఇవి తెలిసిన పేర్లు, సంతలో వినబడే పేర్లు. అష్షూరు రాజుల శాసనాల్లో "ముష్కి", "తాబాల్" అనే జనాంగాలు కనబడతాయి. వారి నివాసం నేటి టర్కీ దేశపు మధ్య, తూర్పు భాగాల్లో ఉండేది. గోమెరు అంటే ఆ శాసనాల్లోని "గిమిర్రాయి" అనీ, తోగర్మా కూడా ఆ ప్రాంతానిదే అనీ చాలామంది పండితులు అంగీకరిస్తారు. గోగు అనే పేరును అష్షూరు రాజు అషుర్బనిపాలు శాసనాల్లో "గుగు"గా కనబడే లుదియ రాజుతో పోల్చేవారు ఉన్నారు గానీ, అది పోలిక మాత్రమే. వాక్యంలో యెహెజ్కేలు చెప్పే గోగు ఇంకా రాబోయేవాడు.

అలాగని "రష్యాను తీసేసి టర్కీని పెట్టుకుందాం" అని మీరు తొందరపడతారేమో. నేనూ ఒకప్పుడు అలాగే తొందరపడ్డాను. నీలం రంగు పెట్టిన పేర్లను ఇప్పుడు దిక్కుల వారీగా నోటు పుస్తకంలో రాయండి. మెషెకు, తుబాలు, గోమెరు, తోగర్మా ఉత్తరాన, పారసీకం తూర్పున, కూషు దక్షిణాన, ఐగుప్తుకు అవతల, పూతు పడమట, లిబియా వైపు. ఇశ్రాయేలును మధ్యలో పెట్టి గీస్తే నాలుగు దిక్కులూ నిండాయి. మాగోగును దేశంగా విడిచిపెట్టి ఈ పేర్లను లెక్కిస్తే ఏడు. ఏడు ఈ గ్రంథంలో ఊరికే రాదు: ఆయుధాలను కాల్చేది ఏడు సంవత్సరాలు, శవాలను పాతిపెట్టేది ఏడు నెలలు. యెహెజ్కేలు ఒక దేశపు పటం గీయడం లేదు. తన కాలానికి తెలిసిన లోకపు అంచుల నుంచి శత్రువులను పిలుస్తున్నాడు.

"ఉత్తర దిక్కు" మాట కూడా ఇక్కడే చూడాలి. రష్యా యెరూషలేముకు నేరుగా ఉత్తరాన ఉందని పటం మీద స్కేలు పెట్టి చూపించేవారిని మీరు చూసి ఉంటారు. బబులోను యెరూషలేముకు తూర్పున ఉంది. అయినా యిర్మీయా 1:14లో కీడు ఉత్తరం నుంచి వస్తుందని ఉంది. ఎందుకంటే మధ్యలో ఎడారి; ఏ సైన్యమైనా యూఫ్రటీసు నది పొడుగునా పైకి వెళ్లి, అక్కడి నుంచి దిగి రావలసిందే. యూదా ప్రజలకు ఉత్తరం అంటే పటంలోని దిక్కు కాదు, దండు వచ్చే దారి. దక్కనులో మనకు ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు. 1310 ప్రాంతంలో ఓరుగల్లు మీదికి వచ్చిన మాలిక్ కాఫూరు సేన అయినా, 1687లో గోల్కొండను పట్టుకున్న ఔరంగజేబు సేన అయినా ఉత్తరాది దండే.

ఇక ఎరుపు రంగు. మీ గుర్తుల్లో ఇశ్రాయేలీయులు ఒక్క యుద్ధక్రియకైనా కర్తలుగా ఉన్నారేమో చూడండి. ఉండరు. 38:11లో వారు ప్రాకారాలు లేని గ్రామాల్లో నిర్భయంగా నివసిస్తున్నారు. గోగు దవడలకు గాలాలు తగిలించి రప్పించేది దేవుడే (38:4). భూకంపం, తెగులు, వడగండ్లు, అగ్నిగంధకాలు ఆయన పంపినవే. శత్రువు ఖడ్గం తన సహోదరుని మీదనే పడుతుంది (38:21). ఇశ్రాయేలు చేసేది ఆ తరువాత ఆయుధాలను వంటచెరకుగా వాడుకోవడం, తమను దోచుకున్నవారిని దోచుకోవడం, శవాలను పాతిపెట్టడం. రెండు అధ్యాయాల యుద్ధ ప్రవచనంలో దేవుని ప్రజలు ఒక్క బాణం కూడా వేయలేదు. ఆశ్చర్యం ఏమిటంటే ఈ సంగతి యుద్ధాన్ని గురించి గంటల కొద్దీ జరిగే బోధల్లో చాలా అరుదుగా వినబడుతుంది.

ఆయుధాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. గుర్రాలంటే ట్యాంకులు, బాణాలంటే క్షిపణులు అని మార్చి చదివేవారు 39:9, 10 దగ్గర ఏం చేస్తారు? అక్కడ విల్లులను, ఈటెలను ఏడేళ్లు పొయ్యిలో పెట్టి, అడవికి వెళ్లి కట్టెలు కొట్టవలసిన పని లేకుండా పోయిందంటున్నాడు ప్రవక్త. ట్యాంకు పొయ్యిలో కాలదు. అక్షరార్థంగా చదువుతామంటే చివరి దాకా అక్షరార్థంగా చదవాలి. గుర్తులుగా చదువుతామంటే చివరి దాకా గుర్తులుగా చదవాలి. వచనం మధ్యలో బండి మారడం కుదరదు.

ఈ అధ్యాయాలు గ్రంథంలో ఎక్కడ ఉన్నాయో కూడా గుర్తు పెట్టుకోండి. యెహెజ్కేలు క్రీ.పూ. 597లో చెరపట్టబడి, కెబారు నది దగ్గర ఉన్న యాజకుడు. 586లో దేవాలయం కాలిపోయింది. 37వ అధ్యాయంలో ఎండిన ఎముకలు లేచి నిలబడతాయి. 40 నుంచి 48 వరకు కొత్త ఆలయం, కొత్త నగరం. గోగు ఆ రెండింటి మధ్య వస్తాడు. "మళ్లీ ఎవరైనా వచ్చి దీనిని కూడా కాల్చేస్తే?" అని చెరలో ఉన్నవాడికి వచ్చే భయానికి అది జవాబు. ఈ వరుస చేతిలో ఉంటేనే ప్రకటన గ్రంథంలో యోహాను ఏం చేశాడో తెలుస్తుంది.

ప్రకటన 20వ అధ్యాయం తెరవండి. మొదట మృతులు లేస్తారు (20:4). తరువాత వెయ్యి సంవత్సరాలు గడిచి, సాతాను విడుదలై, "భూమి నలుదిశలయందుండు" జనములను, అంటే గోగు మాగోగులను పోగుచేస్తాడు (20:8). ఆకాశం నుంచి అగ్ని దిగి వారిని దహిస్తుంది. తరువాత 21, 22 అధ్యాయాల్లో కొత్త నగరం. లేచిన మృతులు, గోగు, నగరం: యెహెజ్కేలు 37 నుంచి 48 వరకు ఉన్న వరుసే ఇది. అయితే రెండు మార్పులు ఉన్నాయి. యెహెజ్కేలులో గోగు మనిషి, మాగోగు దేశం. యోహానులో రెండూ జనాల పేర్లే. యెహెజ్కేలులో వారు ఉత్తరపు చివరల నుంచి వస్తారు. యోహానులో నలుదిశల నుంచి. మనం దిక్కుల వారీగా గీసిన పటం యోహానుకు ముందే కనబడింది.

తెలుగులో కూడా పేరు ఇలా వ్యక్తిని దాటి పోవడం ఉంది. ఏదైనా ప్రభుత్వం తిరగేసి మరగేసే నిర్ణయం తీసుకుంటే "తుగ్లక్ పాలన" అంటాం. ముహమ్మద్ బిన్ తుగ్లక్ సమాధి నుంచి లేచి వచ్చాడని ఎవరూ అనుకోరు. యోహాను చేతిలో గోగు అలాంటి పేరుగా మారింది. హైదరాబాద్‌లో ఉన్న మనకు ముస్లిం స్నేహితుల నోట "యాజూజ్, మాజూజ్" అనే మాట కూడా తెలుసు. ఖురాన్ 18వ సూరాలో జుల్‌ఖర్నైన్ వారికి అడ్డుగా గోడ కట్టిన కథ ఉంది, శుక్రవారం ఆ సూరా చదివే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. పేరు ఒకటే అయినా అది వేరు గ్రంథంలో వేరు కథనం గనుక, గోడను తెచ్చి యెహెజ్కేలులో కట్టవద్దు.

మరొక సంగతి. యెహెజ్కేలు 39:17లో పక్షులను, మృగాలను విందుకు పిలిచే మాటలు ప్రకటన 19:17లో దాదాపు అలాగే ఉన్నాయి. అంటే ఒకే ప్రవచనంలోని విందు 19వ అధ్యాయంలోనూ, పేరు 20వ అధ్యాయంలోనూ వచ్చాయి. మరి ఈ రెండు అధ్యాయాలు ఒకే యుద్ధాన్ని రెండుసార్లు చెబుతున్నాయా, లేక వెయ్యేండ్ల దూరంలో ఉన్న రెండు యుద్ధాలా? వెయ్యేండ్ల పాలనకు ముందు క్రీస్తు రాకడ ఉందనేవారికీ, వెయ్యేండ్లు సంఘకాలానికి గుర్తు అనేవారికీ మధ్య ఉన్న పెద్ద తగాదా ఇక్కడే. ఒకే యుద్ధం అనేవారి చేతిలో ఒక మంచి ఆధారం ఉంది, అది తెలుగులో కనబడదు. గ్రీకులో 16:14, 19:19, 20:8 ఈ మూడు చోట్లా "యుద్ధము" అనే మాటకు ముందు నిర్దేశకం ఉంది, అంటే "ఆ యుద్ధము", తెలిసిన యుద్ధము అని. తెలుగుకు అలాంటి నిర్దేశకం లేదు గనుక అనువాదకులు దానిని వదిలేయవలసి వచ్చింది. రెండు యుద్ధాలు అనేవారి చేతిలో 20:10 ఉంది: సాతాను అగ్నిగుండంలో పడేసరికి క్రూరమృగమూ అబద్ధ ప్రవక్తా అక్కడ ముందే ఉన్నారు, వారు పడింది 19:20లో. నాకు రెండవ వాదం కొంచెం బరువుగా తోస్తుంది; మా బృందంలో నాకంటే బాగా చదివిన ఒక అక్కయ్య గారు మొదటి వాదాన్నే నమ్ముతారు, మేము ఇంకా కలిసే టీ తాగుతున్నాము.

ఇప్పుడు అందరూ ఎదురు చూసే పేరు. లోకపు రాజులు యుద్ధానికి పోగయ్యే చోటుకు పెట్టిన పేరు హార్‌మెగిద్దోను. ఆ మాట బైబిలు మొత్తంలో ఒకే ఒక్కసారి, ప్రకటన 16:16లో వస్తుంది. "హార్" అంటే హెబ్రీలో కొండ. మెగిద్దో మాత్రం కొండ కాదు. యెజ్రెయేలు మైదానం అంచున, ఒకదాని మీద ఒకటి కట్టిన పట్టణాల శిథిలాలతో ఏర్పడిన దిబ్బ. తవ్వకాల్లో అక్కడ ఇరవైకి పైగా పొరలు బయటపడ్డాయి. ఐగుప్తు నుంచి ఉత్తరానికి పోయే దారి ఆ పక్కనుంచే పోతుంది కాబట్టి అక్కడ యుద్ధాలకు కొదవ లేదు. క్రీ.పూ. పదిహేనవ శతాబ్దంలో ఫరో మూడవ తుత్మోసు అక్కడ కనాను రాజులను ఓడించాడు. న్యాయాధిపతులు 5:19లో దెబోరా గీతం మెగిద్దో కాలువల దగ్గర పోరాటాన్ని పాడుతుంది. క్రీ.పూ. 609లో మంచి రాజైన యోషీయా ఫరో నెకో చేతిలో అక్కడే చనిపోయాడు.

తెలుగు పత్రికలు ప్రతి ఎన్నికలకూ "కురుక్షేత్రం" అని శీర్షిక పెడతాయి; అభ్యర్థులు హర్యానా వెళ్లరు. వేసవిలో నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు బస్తీలో జరిగేదాన్ని "పానిపట్టు యుద్ధం" అంటాం. యుద్ధాలు ఎక్కువ చూసిన నేల పేరు యుద్ధానికే పేరైపోతుంది. మెగిద్దోకు పక్కన లేని కొండను చేర్చి యోహాను కొత్త పేరు కట్టడం చూస్తే, అది పటం మీది చుక్క కంటే పెద్ద సంగతి అని నాకు అనిపిస్తుంది. కొందరు పండితులు అది "హార్ మోయేద్", అంటే యెషయా 14:13లోని సభాపర్వతం, అనే మాటకు మారిన రూపమని కూడా అన్నారు, ఒప్పుకోనివారే ఎక్కువ. పేరు గుర్తు అయినంత మాత్రాన యుద్ధం అబద్ధమని కాదు. కురుక్షేత్రం అన్నంత మాత్రాన ఎన్నికలు జరగకుండా పోవు కదా.

పేరును చుక్కగా మాత్రమే చదివితే ఏమవుతుందో మన నగర చరిత్రే చెబుతుంది. 1918 సెప్టెంబరులో జనరల్ అలెన్‌బీ తుర్కీ సేనలను ఓడించిన పోరాటాన్ని బ్రిటిష్‌వారు మెగిద్దో యుద్ధం అనే పిలుస్తారు. ఆ సేనలో జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో పాటు హైదరాబాద్ లాన్సర్లు ఒకే దళంలో ఉన్నారు. సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని తీసుకున్నది ఆ దళమే. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ రౌతుది. మాసబ్‌ట్యాంక్ దగ్గర "ఫస్ట్ లాన్సర్" అనే బస్తీ పేరు నిజాం ఆశ్వికదళాన్ని ఇప్పటికీ గుర్తు చేస్తుంది. సాక్షాత్తూ మెగిద్దో పేరు మీద, ప్రపంచ యుద్ధంలో, నానా దేశాల సైన్యాలు కొట్లాడాయి. అంతం రాలేదు. స్థలం కలిసింది, కాలం భయంకరంగానే ఉంది, అయినా అది ఆ యుద్ధం కాలేదు.

16వ అధ్యాయంలోనే మరొక విషయం ఖాళీగా ఉంది, గమనించారా? 14వ వచనంలో రాజులను పోగుచేస్తారు. 16వ వచనంలో పోగయ్యారు. 17వ వచనంలో ఏడవ దూత దేవుని కోపంతో నిండిన పాత్ర కుమ్మరిస్తాడు, "సమాప్తమైనది" అనే స్వరం వినబడుతుంది. యుద్ధం ఏది? లేదు. పోగుచేయడం ఉంది, పోరు లేదు. మధ్యలో 15వ వచనంలో, కథకు సంబంధం లేనట్టు, "నేను దొంగవలె వచ్చుచున్నాను" అని ప్రభువు పాఠకుని వైపు తిరిగి మాట్లాడి, మెలకువగా ఉండి వస్త్రం కాపాడుకొమ్మంటాడు. పటం గీసుకుంటున్నవాడి భుజం తట్టినట్టు ఉంటుంది ఆ వచనం.

19వ అధ్యాయంలోనైనా పోరు ఉందా? ఎరుపు పెన్సిలు తీయండి. తెల్లని గుర్రం మీద వచ్చే క్రీస్తు వస్త్రం యుద్ధం మొదలు కాకముందే రక్తంలో ముంచబడి ఉంది (19:13). అది ఎవరి రక్తం అన్నది పెద్ద ప్రశ్న. యెషయా 63ను బట్టి శత్రువులది అనేవారున్నారు, 5వ అధ్యాయంలో వధింపబడిన గొర్రెపిల్లను బట్టి ఆయనదే అనేవారున్నారు. నేను రెండవవారితో ఉన్నాను. ఆయన వెంట వచ్చే పరలోక సేనలకు తెల్లని నారబట్టలు ఉన్నాయి, ఆయుధాలు ఉన్నట్టు రాయలేదు. ఖడ్గం ఒక్కటే, అదీ ఆయన నోటిలోనుంచి. 19:19లో రెండు పక్షాలు ఎదురెదురుగా నిలబడతాయి, 19:20లో మృగం పట్టుబడిపోయింది. యెహెజ్కేలులో ఇశ్రాయేలు బాణం వేయనట్టే ఇక్కడ సంఘం కత్తి దూయదు. రెండు గ్రంథాల మధ్య ఆరు శతాబ్దాల దూరం ఉన్నా ఈ ఒక్క విషయంలో తేడా రాలేదు.

యూఫ్రటీసు ఎండిపోవడం, తూర్పు రాజులు (16:12) గురించి క్లుప్తంగా: కోరెషు బబులోనును పట్టుకున్న కథలో నదీ జలాలు ఎండిపోవడం ఎక్కడెక్కడ వస్తుందో యెషయా 44:27, 28లోనూ, యిర్మీయా 50:38లోనూ చూసుకోండి. యోహాను లేఖలు అందుకున్న ఆసియా (నేటి టర్కీ పడమటి భాగం) సంఘాలకు యూఫ్రటీసు అవతల ఉన్నది పార్తీయ సామ్రాజ్యం, క్రీ.పూ. 53లో రోమా సేన దాని చేతిలో ఘోరంగా ఓడింది. తూర్పు రాజులంటే చైనా అనేవారి వెంట వెళ్లే ముందు ఈ రెండు ఊళ్లలో, కోరెషు దగ్గరా పార్తీయుల దగ్గరా, దిగండి.

చివరిగా, గోగు ఎవరు అని ఇంతకు ముందు చెప్పినవారి జాబితా నోటు పుస్తకంలో ఒక పేజీ చేసుకోవడం మంచి అలవాటు. నాలుగవ శతాబ్దంలో మిలాను బిషప్పు అంబ్రోసు గోగు అంటే రోము మీదికి దండెత్తిన గోతు జాతివారే అన్నాడు. కొద్ది కాలానికి అగస్టీను ఆ రకం గుర్తింపును తోసిపుచ్చి, వారు లోకమంతటా ఉన్నవారే అన్నాడు. 1529లో తుర్కులు వియన్నాను ముట్టడించిన మరుసటి ఏడాది లూథరు గోగు అంటే తుర్కులే అని రాశాడు. ఇరవయ్యవ శతాబ్దంలో సోవియట్ రష్యా వంతు వచ్చింది; 1991 డిసెంబరులో అది విడిపోయింది. అదే ఏడాది గల్ఫ్ యుద్ధం రోజుల్లో, నా కుర్రతనంలో, ఒక కూటంలో గోడకు పెద్ద పటం వేలాడదీసి బబులోను మళ్లీ లేచిందని చెప్పిన బోధ నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ఆ రాత్రి భయంతో నిద్ర పట్టలేదు. మరుసటి ఆదివారానికి యుద్ధం ముగిసింది, పటం మడిచి బీరువాలో పెట్టారు, ఎవరూ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఈ జాబితాలోని వారెవరూ మూర్ఖులు కారు. ప్రతివాడూ తన ఇంటి గుమ్మం ముందున్న శత్రువునే యెహెజ్కేలులో చూశాడు.

వచ్చే పాఠానికి అభ్యాసం. జెకర్యా 14వ అధ్యాయం చదవండి. 12వ వచనంలో మనుషుల దేహాలు నిలిచి ఉండగానే కుళ్లిపోవడాన్ని అణుబాంబు అని చెప్పడం మీరు విని ఉంటారు. 13, 15 వచనాలను కూడా కలిపి చదివి, గుర్రాలకు, ఒంటెలకు ఏమైందో చూసి, ఆ వివరణ నిలుస్తుందో లేదో నాలుగు వాక్యాల్లో రాయండి. తరువాత 16వ వచనంలో, అంతకు ముందు యెరూషలేము మీదికి దండెత్తి వచ్చిన జనాల్లో మిగిలినవారు ఏటేటా ఎక్కడికి, ఏ పండుగకు వస్తున్నారో ఎరుపు పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఆ గుర్తు దగ్గర నుంచే అయిదవ పాఠం మొదలుపెడదాం.